వాన నష్టం ఆడోళ్ల అప్పు ఎట్లైతది? మంత్రి సీతక్క గారికి బహిరంగ లేఖ

సీతక్క గారికి నమస్తె,

హనుమకొండ నుంచి రాస్తున్న అక్కా. మాది పరకాల దిక్కు ఊరు, పత్తి మిర్చి వేసే ఇల్లు. ఇప్పుడు టౌన్ల ఉంటున్న గని ఊరికి పోకుండ ఉండలేను, పోయినప్పుడల్ల పొదుపు సంఘం ఆడోళ్ల కాడ కూసుంట, వాళ్ల బ్యాంకు కాయితాలు చదివి చెప్త, లెక్కలు రాసిస్త. మీకే ఎందుకు రాస్తున్ననంటె పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి, స్త్రీ శిశు సంక్షేమం మూడూ మీ చేతులనే ఉన్నయి, నేను చెప్పే ముచ్చట సరిగ్గ ఈ మూడింటి నడుమ పడి ఎవ్వరికి పట్టకుండ పోతున్న ముచ్చట. పైగ మీరు ములుగు బిడ్డ, వాగు ఒడ్డు ఊర్ల బతుకు మీకు ఒకరు చెప్పేది లేదు.

ముచ్చట ఏందంటె, వానకు ఎండకు జరిగే నష్టం మా దిక్కు ఆఖరికి ఆడోళ్ల పేరు మీద అప్పుగ తేలుతుంది. పంట పోతది, ఇల్లు మునుగుతది, పని దొరకదు, అప్పుడు ఇంట్ల అందరు చూసేది ఇంటామె మొకమే, సంఘంల ఎంతొస్తది, సంఘాలకు అప్పులిచ్చే స్త్రీనిధిల ఎంతొస్తది, ఆ వారం కిస్తీలోళ్లను అడిగితె ఎంతిస్తరు అని. దునియ మీద చూసినా ఇదే నడుస్తుంది, నష్టపోయిన దేశాలకు అప్పులిచ్చి దానికి క్లైమేట్ ఫైనాన్స్ అని పేరు పెట్టిండ్రు. ఈ రెండూ ఒకటే ముచ్చట అని నేను నమ్ముత, అందుకే ఒకటే లేఖల రెండూ రాస్తున్న, జర పొడుగైతది, ఓపికతోని చదవుండ్రి.

2023 జులై 26 పొద్దుగాల నుంచి 27 పొద్దుగాల దాంక, ఒక్క దినంల మీ ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల దగ్గర దగ్గర 65 సెంటీమీటర్ల వాన పడ్డది, మన రాష్ట్రంల ఒక్క రోజుల గంత వాన ఎన్నడు రికార్డు కాలే. మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి ఊరుకు ఊరే మునిగింది, జనం ఇండ్ల మీదికెక్కి నిలబడితె హెలికాప్టర్లు రావాల్సొచ్చింది. జంపన్నవాగు కొండాయి ఊరి మీద పడ్డది, ఎనిమిది మంది పోయిండ్రు, మీరు పోయి ఆ ఇండ్లు చూసినోళ్లే. అంతకుముందు 2020 ఆగస్టుల వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగినయి. 2024 ఆగస్టు 31 నాడు తాడ్వాయి అడవిల గాలి దుమారానికి వేల చెట్లు కూకటివేళ్లతోని పడిపోయినయి, ఆ మర్నాటికే మహబూబాబాద్ జిల్లా కేసముద్రం కాడ రైలు పట్టాల కింద మట్టి కొట్టుకపోయింది. మొన్న 2025 అక్టోబర్ల మొంథా తుఫాను, ఏరడానికి వచ్చిన పత్తి, కోతకొచ్చిన వరి, కల్లాలల్ల ఆరబోసిన వడ్లు అన్నీ నీళ్ల పాలు. సైంటిస్టులు చెప్పేది సింపుల్, గాలి ఒక డిగ్రీ వేడెక్కితె దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటది, పట్టుకున్నదంత ఒక్కసారే కుమ్మరిస్తది. మన ముసలోళ్లు చూసిన వానలు వేరు, ఇప్పటి వానలు వేరు.

నీళ్లు దిగినంక అధికారులొస్తరు, ఎన్ని ఎకరాలు, ఎన్ని ఇండ్లు, ఎన్ని బర్లు, ఎన్ని కరెంటు స్తంభాలు అని రాసుకుంటరు. రాయాల్సిందే. గని ఆ మర్నాటి నుంచి నెల రోజులు ఊర్ల ఏం జరుగుతదో ఎవ్వరు రాయరు అక్కా. ఇంట్ల మోకాలెత్తు బురద ఎత్తిపోసేది ఎవరు, తడిసిన బియ్యాన్ని కడిగి ఆరబెట్టేది ఎవరు, బోరు నీళ్లు చెడిపోతె ఎక్కడికో పోయి బిందెలు మోసేది ఎవరు, పిల్లలకు జ్వరాలొస్తె, అత్తకు విరేచనాలైతె దవాఖానకు తిరిగేది ఎవరు, ఆధార్ కార్డు రేషన్ కార్డు కొట్టుకపోతె మళ్ల మీసేవ కాడ లైన్ల నిలబడేది ఎవరు. ఆ నెల రోజులు ఆమె కైకిలికి పోలేదు, గా కూలి పోయింది, చేసిన పనికి పైస రాలేదు. మామూలు రోజులల్లనే మన దేశంల ఇంటి పని చేసే ఆడోళ్లు రోజుకు 289 నిమిషాలు దానికి పెడ్తున్నరని, మొగోళ్లల్ల చేసేటోళ్లు 88 నిమిషాలు పెడ్తున్నరని 2024 టైం యూజ్ సర్వేల సర్కారే తేల్చింది. వరద వచ్చిన నెలల ఆ 289 ఎంతైతదో కొలిచినోడు లేడు. కొలవలేదు కాబట్టి నష్టం లేదనుకుంటున్నరు, నాకు కోపమొచ్చేది ఇక్కడనే.

పంట నష్టం ముచ్చటకొస్తె, ఎకరానికి 10 వేలు ఇస్తమని మన ప్రభుత్వం ప్రకటించింది, మంచిదే, కేంద్రం నార్మ్స్ కంటె నయం. కేంద్రం ఎస్డీఆర్ఎఫ్, అంటె రాష్ట్ర విపత్తు సహాయ నిధి, 2025-26 దాంక పెట్టిన లెక్కల వానాధార పంటకు హెక్టారుకు 8,500, అది కూడ 33 శాతం కంటె ఎక్కువ పోతెనే, రెండు హెక్టార్ల దాంకనే. గని ఏ లెక్కల ఇచ్చినా పైసలు ఎక్కువసార్లు పోయి పడేది పాస్‌బుక్ ఉన్నాయన ఖాతాలనే. మా పత్తి చేన్లల్ల గింజ పెట్టేది ఆడోళ్లు, కలుపు తీసేది ఆడోళ్లు, నడుముకు సంచి కట్టుకొని కిలో లెక్కన ఏరేది ఆడోళ్లు. చేను మునిగిందంటె పట్టాదారుకు ఒక పంట పోయింది, నిజమే, ఏరేటామెకు మాత్రం అక్టోబర్ నుంచి సంక్రాంతి దాంక వచ్చే కైకిలి మొత్తం పోయింది. ఆ కైకిలికి ఏ సర్వే ఫారంల గడి లేదు.

కౌలు చేసే ఆడోళ్ల సంగతి ఇంక అన్యాయం. మా చిన్నమ్మ రెండెకరాలు కౌలుకు చేస్తది, కౌలు ముందే కట్టాలె. 2023 వానకు చేను కొట్టుకపోయింది, ఇసుక మేట పెట్టింది. భూమి ఆమెది కాదు కాబట్టి నష్టపరిహారం లిస్టుల ఆమె పేరు ఎక్కలే, రైతుబంధు లేదు, రైతుబీమా లేదు, మళ్ల వానాకాలం కౌలు మాత్రం కట్టాలె, లేకుంటె భూమి ఇంకొకరికి పోతది. ఏం చేస్తది, ఒక ఫైనాన్స్ కంపెనీ గ్రూపుల చేరి అప్పు తెచ్చుకుంది. వారం వారం కిస్తీ. ఒక వారం ఆగితె గ్రూపుల మిగతా ఆడోళ్లే వచ్చి గుమ్మం ముంగట కూసుంటరు, వాళ్ల తప్పు కూడ కాదు, ఆమె కట్టకుంటె వాళ్లు కట్టాలె. కిస్తీ కోసం మిర్చి ఏరుడుకు పోయింది, మిర్చి అయిపోయినంక తునికాకుకు పోయింది, ఆమె కట్టింది నేను కండ్లార చూసిన. వాన చేసిన నష్టాన్ని ఒక ఆడామె తన నడుముతోని తీర్చింది, దాన్ని దేశం లెక్కల రుణాల రికవరీ అంటరు.

మన వరంగల్ జిల్లాకు ఈ ముచ్చట కొత్తది కాదు. 2010ల మైక్రోఫైనాన్స్ వత్తిడికి మన దిక్కు ఆడోళ్లు ప్రాణాలు తీసుకుంటె ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆ అక్టోబర్ల ఆర్డినెన్స్ తెచ్చి ఆ కంపెనీలకు ముకుతాడు వేసింది. పదేండ్లు కొంచెం ఊపిరాడింది. 2023 ఫిబ్రవరిల రిజర్వ్ బ్యాంకు కింద రిజిస్టర్ అయిన ఫైనాన్స్ కంపెనీలకు ఆ రాష్ట్ర చట్టం వర్తించదని హైకోర్టు తీర్పు వచ్చింది. అగో అదే ఏడాది జులైల వరద. చట్టం అడ్డు తొలగుడు, వాగు పొంగుడు ఒకే ఏడాది జరిగినయి, మధ్యల నలిగింది ఎవరో చెప్పనవసరం లేదు.

ఇప్పుడు జర పెద్ద దునియ సంగతి చెప్త. గాలిల ఇప్పటిదాంక చేరిన బొగ్గు పులుసు వాయువుల నాలుగోవంతు ఒక్క అమెరికాదే, ఆ దేశం జనాభా ప్రపంచంల 4 శాతం. మన దేశం వాటా 3 శాతం చుట్టుపక్కల, జనాభా ఆరోవంతు. ఇంత అన్యాయం ఉంది కాబట్టే ఉన్న దేశాలు లేని దేశాలకు పైసలియ్యాలని ఒప్పందం. 2009ల కోపెన్‌హేగన్ వాతావరణ సభల ఏడాదికి 100 బిలియన్ డాలర్లు ఇస్తమన్నరు, 2020 కల్లా అన్నరు, ఆ లెక్క నిండింది 2022ల. అందుల కూడ సర్కార్లు ఇచ్చినదాంట్ల పదింట ఏడు వంతులు అప్పే, వడ్డీతోని తీర్చాల్సిన అప్పు. 2024 నవంబర్ల బాకు వాతావరణ సభల 1.3 ట్రిలియన్లు కావాలని పేద దేశాలు అడిగితె 2035 కల్లా ఏడాదికి 300 బిలియన్లు చూస్తమని చెప్పి నిర్ణయమైపోయిందని సుత్తె కొట్టేసిండ్రు, మన దేశం తరఫున చాందినీ రైనా అనే ఆఫీసరు లేచి ఇది మాకు సమ్మతం కాదని అందరి ముంగట చెప్పింది, ఆమెకు దండం పెట్టాలె.

వాతావరణం చేసిన నష్టానికి పైసలిచ్చే లాస్ అండ్ డ్యామేజ్ ఫండ్ అని ఇంకోటుంది, 2022ల ఈజిప్టుల ఒప్పుకున్నరు, సరిగ్గ మన మోరంచపల్లి లాంటి ఊర్ల కోసమే అది. దానికి దేశాలన్నీ కలిపి ఇస్తమన్నది ఒక బిలియన్ డాలర్లు కూడ నిండలే, ఆ ఇస్తమన్నదంత మన పైసలల్ల దాదాపు 7 వేల కోట్లు. 2024 సెప్టెంబర్ వరదలకు మన ఒక్క రాష్ట్రంల 10 వేల కోట్లకు పైగ నష్టమైందని మన ప్రభుత్వమే కేంద్రానికి లెక్క పంపింది. మొత్తం ప్రపంచానికి పెట్టిన గల్లా పెట్టె మన తెలంగాణ ఒక్క వరదకు సరిపోదు అక్కా. ఇట్లుంటె పేద దేశాలు ఏం చేస్తయి, తుఫాను వచ్చినప్పుడల్ల మళ్ల అప్పు తెస్తయి, ఆ అప్పుకు వడ్డీ కట్టడానికి దవాఖాన్లకు బడులకు కోత పెడ్తయి. చదువుకు గని వైద్యానికి గని పెట్టేదానికంటె వడ్డీకే ఎక్కువ కట్టే దేశాలల్ల 300 కోట్ల పైచిలుకు జనం బతుకుతున్నరని ఐక్యరాజ్య సమితి సంస్థ చెప్పింది. దవాఖాన్ల నర్సు లేకుంటె రోగిని చూసుకునేది ఇంట్ల ఆడామె. బడి మూతపడితె ముందుగాల ఇంట్ల కూసునేది ఆడపిల్ల. మా చిన్నమ్మ కిస్తీకి, ఆ దేశాల కిస్తీకి ఏం తేడా ఉందో నాకైతె కనపడ్తలేదు.

ఈ ముచ్చట మీకు అర్థమైనంత ఇంకొకరికి అర్థం కాదని ఎందుకంటున్ననంటె, మీరు ఆ తల్లుల గద్దెల కాడ పెరిగిన మనిషి. మేడారం కత ఏంది? కరువొచ్చింది, పంట లేదు, కప్పం కట్టలేమని పగిడిద్దరాజు అన్నడు, అయినా కట్టాల్సిందే అని కాకతీయ రాజు సైన్యాన్ని పంపిండు. సమ్మక్క, సారలమ్మ, తల్లీబిడ్డలు యుద్ధానికి పోయిండ్రు. జంపన్న సంపెంగవాగుల పడి ప్రాణం విడిచిండు, అందుకే ఆ వాగుకు ఆయన పేరు. కరువుల కప్పం అడుగుడు అన్యాయమని ఇద్దరు ఆడోళ్లు ఎదురు తిరిగితె ఏడెనిమిది వందల ఏండ్ల సంది కోట్ల మంది పోయి మొక్కుతున్నరు, బంగారం అని బెల్లం పెడ్తున్నరు. ఆ న్యాయాన్నే ఇయ్యాల దునియ ముంగట అడుగుదామంటున్న, వరదల మునిగినోని కాడ కిస్తీ వసూలు చేయొద్దని.

ప్రపంచంల ఆడోళ్ల సంఘాలు ఇదే అడుగుతున్నయి, చానా ఏండ్ల నుంచి. ఫెమినిజం అంటె ఏదో పట్నపోళ్ల ముచ్చట, ఇంగ్లీషోళ్ల ముచ్చట అని మన దిక్కు మస్తు మంది అనుకుంటరు, నాకు ఈ మాట ఇనబుద్ధి కాదు. పేద దేశాల ఆడోళ్ల తరఫున అప్పుల మీద, ఆర్థిక విధానాల మీద మొదట్ల గట్టిగ రాసిన డాన్ అనే నెట్‌వర్క్ 1984ల పుట్టింది బెంగళూరుల. 1991ల మయామిల 83 దేశాల ఆడోళ్లు ఒక్కకాడ కూసొని భూమి గురించి, అప్పుల గురించి, యుద్ధాల ఖర్చు గురించి ఒక అజెండా రాసుకున్నరు, కెన్యాల చెట్లు నాటిన వంగారి మాతాయి అందుల ఉంది, మన వందనా శివ ఉంది. ఇప్పుడు వాతావరణ సభలల్ల విమెన్ అండ్ జెండర్ కాన్‌స్టిట్యుయెన్సీ అని ఆడోళ్ల సంఘాలకు అధికారికంగ కుర్చీ ఉంది, 2025 నవంబర్ల బ్రెజిల్ బెలెంల కొత్త జెండర్ యాక్షన్ ప్లాన్ కూడ ఒప్పుకున్నరు. వాళ్లు అడిగేది అర్థం కాని సంగతులేం కావు. నష్టానికి ఇచ్చే పైసలు గ్రాంటుగ ఇయ్యాలె, అప్పుగ ఇయ్యొద్దు. మునిగిన దేశాల పాత బాకీలు కొట్టెయ్యాలె. పెద్ద కంపెనీలు, పెద్ద పెద్ద ధనవంతులు దేశం దేశం తిరిగి పన్నులు ఎగ్గొట్టకుండ ఐక్యరాజ్య సమితిల ఒక పన్నుల ఒప్పందం రావాలె, దాని మీద చర్చలు నడుస్తున్నయి, అమెరికా లేచిపోయింది, మిగతావి కూసున్నయి. ఇంట్ల ఆడోళ్లు జీతం లేకుండ చేసే పనిని పని అని లెక్కల రాయాలె. ఇందుల మా ఊరి ఆడోళ్లు కాదనేది ఒక్కటి చూపియ్యుండ్రి.

పత్తి సంగతే చూడుండ్రి. 2025 ఆగస్టుల అమెరికా మన సరుకు మీద 50 శాతం సుంకం వేసింది, బట్టల మిల్లులకు దెబ్బ తగుల్తదని కేంద్రం బయటి నుంచి వచ్చే పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని తీసేసింది, ఏడాది ఆఖరు దాంక. సరిగ్గ మన పత్తి మార్కెట్‌కు వచ్చే టైముకు. ఆ 2025-26 సీజన్ల మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలని కాయితం మీదుండె, వరంగల్ ఎనుమాముల మార్కెట్ల ప్రైవేటు రేటు దానికి మస్తు కింద. మద్దతు ధరకు కొనే కేంద్ర సంస్థ సీసీఐకి అమ్ముదామంటె యాప్‌ల స్లాట్ బుక్ చేయాలె, ఎకరానికి 7 క్వింటాళ్ల లిమిట్ అన్నరు, తేమ 12 శాతం దాటితె తీసుకోరు, మొంథా వానల తడిసిన పత్తికి తేమ 12 ఎట్లుంటది. అమెరికాల పత్తి రైతుకు ఆ సర్కారు సబ్సిడీలిచ్చి కాపాడుకుంటది. మన రైతుకు రేటు పడిపోతె ఆయన ముందుగాల తగ్గించేది ఏరే కూలి. వాషింగ్టన్‌ల ఒక సంతకం, ఢిల్లీల ఒక నోటిఫికేషన్, పరకాల చేన్ల ఒక ఆడామె కైకిలి, ఈ మూడు ఒకే దారానికి ఉన్నయి. గ్లోబల్ ఎకనామిక్ జస్టిస్ అనే మాట పెద్దగ ఉందని మనకెందుకులే అనుకుంటె నడవది.

బొగ్గు గురించి కూడ చెప్పాలె, చెప్పకుంటె నాకే నచ్చదు. రామగుండం, మంచిర్యాల, భూపాలపల్లి మనయే, సింగరేణి మనదే, 51 శాతం రాష్ట్రానిది. దేశానికి కరెంటు ఇచ్చిన నేల. అండర్‌గ్రౌండ్ గనులు తగ్గి ఓపెన్‌కాస్టులు పెరిగినంక ఆ చుట్టుపక్కల ఊర్ల ఇండ్లు బ్లాస్టింగులకు పగుళ్లు పట్టినయి, దుమ్ము, బాయిలల్ల నీళ్లు లేవు. 1952 మైన్స్ చట్టం కింద ఆడోళ్లను గని లోపలికే రానియ్యలే, 2019 దాంక ఆ అడ్డు తియ్యలే. అంటె కొలువులు మొగోళ్లకు పోయినయి, దుమ్ము మాత్రం ఇల్లూడ్చే ఆడామెకొచ్చింది. రేపు బొగ్గు తగ్గే కాలం వస్తది, మన దేశమే 2070 కల్లా నెట్ జీరో, అంటె గాలిలకు వదిలేది, తీసేది సమానం చేస్తమన్నది, అప్పుడు పర్మనెంట్ కార్మికునికి ఏదో ప్యాకేజీ ఉంటది, కాలనీల ఇండ్లల్ల పనిచేసే ఆమెకు, కాంట్రాక్టు కింద ఊడ్చే ఆమెకు, హోటలు పెట్టుకున్న ఆమెకు ఏముంటది? బొగ్గు రాయల్టీకి తోడు దాంట్ల కొంత శాతం లెక్కన కంపెనీ కట్టే పైసలు జిల్లా మినరల్ ఫౌండేషన్‌కు వస్తయి, ఆ పైసలు ముందుగాల ఖర్చు పెట్టాల్సిన రంగాలల్ల మహిళా శిశు సంక్షేమం అని రూల్సులనే రాసుంది. అది మీ శాఖ అక్కా. సీసీ రోడ్లకు, కాంపౌండ్ గోడలకు పోయే ముందు ఆ పైసలల్ల ఓపెన్‌కాస్టు పక్క ఊర్ల ఆడోళ్ల నీళ్లకు, వైద్యానికి, వేరే ఉపాధికి ఎంత పోతుందో మీరు అడగుండ్రి.

ఎండ మాట ఒకటి. ఏప్రిల్, మే నెలలల్ల మంచిర్యాల, రామగుండం దిక్కు 45 డిగ్రీలు అంటె మామూలు మాట అయిపోయింది. గప్పుడే తునికాకు సీజన్, పొద్దు పొడవకముందే అడవికి పోయి ఆకు తెంపి, ఇంటికొచ్చి 50 ఆకులకు ఒక కట్ట కట్టి, ఎండల కల్లంల ఆరబెట్టాలె. వడదెబ్బతోని చచ్చిపోతె 4 లక్షలని మన రాష్ట్రం 2025ల చెప్పింది, చానా రాష్ట్రాల కంటె ముందున్నం, కాదంటలేను. గని చచ్చేదాంక ఆగాల్నా? గుజరాత్‌ల పుట్టిన సేవా అనే కూలి ఆడోళ్ల సంఘం తన ఆడోళ్లకు ఎండ బీమా పెట్టింది, ఎండ ముందుగాల అనుకున్న డిగ్రీల లెక్క దాటితె క్లెయిము, సర్టిఫికెట్ ఏం లేకుండ పైసలు ఖాతాల పడ్తయి, 2024 ఎండకాలంల 40 వేల మంది ఆడోళ్లకు పైగ అట్ల అందినయి. మన దగ్గర తునికాకు ఏరేటోళ్లకు, ఉపాధి పనికి పోయేటోళ్లకు ప్రభుత్వమే ప్రీమియం కట్టి ఇది ఎందుకు చేయొద్దు? ఉపాధి పని సంగతి కూడ మీకు తెల్సు, పాత హామీ చట్టం జాగల 2025 డిసెంబర్ల కొత్త చట్టం తెచ్చిండ్రు, 125 రోజులన్నరు గని ఖర్చుల నూటికి 40 రాష్ట్రం మీద పెట్టిండ్రు, నాట్లు కోతల టైముల 60 రోజులు పని ఆపొచ్చన్నరు. మొగోనికి ఆడదానికి ఒకే కూలి దొరికిన పని మా ఊర్ల అదొక్కటే ఉండె. దాన్ని కాపాడుండ్రి, అసెంబ్లీల కొట్లాడుండ్రి, మేం మీ ఎనుక ఉంటం.

ఇగ మీతోని అడిగేది చెప్త.

కౌలుదార్లకు కార్డు ఇయ్యాలని 2011ల ఒక చట్టం ఉంది, భూ అధీకృత సాగుదారుల చట్టం, దాంతోని పంట రుణం, పంట నష్టం, బీమా అన్నిటికి అర్హత వస్తది. మన రాష్ట్రంల దాన్ని పక్కకు పెట్టిండ్రు. పాలకుర్తి చాకలి ఐలమ్మ కౌలుకు తీసుకున్న భూమిల పండించిన పంటను దొర ఎత్తుకపోవాలని చూస్తె నిలబడి కొట్లాడిన మనిషి, 2024ల కోఠి మహిళా యూనివర్సిటీకి ఆమె పేరు పెట్టుకున్నం, ఎంత సంతోషపడ్డమో. ఐలమ్మ ఇయ్యాల బతికుంటె ఆమె చేను మునిగితె పరిహారం పట్టాదారు ఖాతాల పడేది. ఆమె పేరు పెట్టుకున్న రాష్ట్రంల కౌలు చేసే ఆడామెకు కార్డు ఇయ్యుండ్రి. ఇంటాయన పేరు మీద ఒక్కటే రాయకుండ ఇద్దరి పేర్లు రాయుండ్రి, అటవీ హక్కుల చట్టంల 2006 నుంచి పట్టా మొగుడు పెండ్లాం ఇద్దరి పేరు మీద ఇయ్యాలని ఉంది కదా, పోడు భూమికి అయినప్పుడు కౌలు భూమికి ఎందుకు కాదు.

వరద వచ్చినంక చేసే సర్వేల పోయిన కైకిలి దినాలకు ఒక గడి పెట్టుండ్రి, ఉపాధి కూలి రేటు కట్టియ్యుండ్రి, ఆడామె ఖాతాల వేయుండ్రి. 2025 డిసెంబర్ల పంచాయతీ ఎన్నికలైనయి, సగం సీట్లు ఆడోళ్లవి, ఊర్లకు కొత్త సర్పంచులు వచ్చిండ్రు. నష్టం లిస్టు మహిళా గ్రామసభల సంఘం ఆడోళ్ల ముంగట చదివి, పేరు తప్పిపోయినోళ్లను అక్కడనే ఎక్కియ్యాలని మీ శాఖ నుంచి ఒక సర్కులర్ చాలు, దీనికి ఢిల్లీ పర్మిషన్ ఏం అవసరం లేదు.

వరద మండలంగ ప్రకటించిన కాడ సంఘం అప్పులకు, బ్యాంకు లింకేజీకి, స్త్రీనిధికి ఆర్నెల్లు కిస్తీ ఆపి, ఆ వడ్డీ ప్రభుత్వం పెట్టుకోవాలె. ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీలు కూడ ఆగేటట్టు రిజర్వ్ బ్యాంకుకు రాష్ట్రం తరఫున రాయాలె, హైకోర్టు తీర్పు తర్వాత అసలు ఎవరి చేతుల ఏ అధికారం ఉందో తేల్చుకోవాలె. ఇందిరా మహిళా శక్తి కింద సోలార్ ప్లాంట్లు, బస్సులు, క్యాంటీన్లు ఆడోళ్లకు ఇస్తున్నరు, నాకు దాని మీద మస్తు ఆశ ఉంది, వ్యాపారానికి అప్పు తీసుకుంటె అది పెట్టుబడి. ఇంట్లకొచ్చిన బురదకు అప్పు తీసుకునుడు వేరు, దాన్ని దీన్ని ఒకే రిజిస్టర్ల రాసి సంఘాలు ఇన్ని కోట్లు తీసుకున్నయి అని చెప్పకుండ్రి.

ఎస్డీఆర్ఎఫ్ నార్మ్స్ పెట్టింది 2025-26 దాంకనే, కొత్తయి రాసే టైముల కూలి నష్టం, కౌలుదారు, ఇంటి పని భారం అందుల ఎక్కియ్యాలని తెలంగాణ కేబినెట్ నుంచి కేంద్రానికి ఒక తీర్మానం పోవాలె. కొండా సురేఖ గారు అటవీ పర్యావరణ శాఖల ఉన్నరు, వరంగల్ మనిషి, మీరిద్దరు కలిసి పెడితె ఎవరు కాదంటరు. వచ్చే వాతావరణ సభకు మన దేశం పోయినప్పుడు గ్రాంటు కావాలె, అప్పు వద్దు అని గట్టిగ అడగాలని కూడ అందుల రాయుండ్రి, ఆ అడిగే బలం కొండాయి, మోరంచపల్లి ఊర్ల లెక్కలతోని వస్తది. అందుకే ముందుగాల జంపన్నవాగు, మోరంచవాగు ఒడ్డు ఊర్లల్ల 2023 నుంచి ఆడోళ్లు ఎంత అప్పు చేసిండ్రు, ఎన్ని దినాల కైకిలి పోయింది, ఇంకెంత బాకీ ఉంది అని ఒక సర్వే చేయియ్యుండ్రి, ఊర్ల సంఘాల లెక్కలు రాసే వీవోఏలు ఉన్నరు, ఒక నెలల అయిపోతది. మిరుగు కార్తె రాకముందే చేయాలె, మళ్ల వానలు మొదలైతె మళ్ల కొత్త లెక్క మొదలైతది.

మీరు టైం ఇస్తె మా దిక్కు సంఘాల ఆడోళ్లం పాస్‌బుక్కులు, కిస్తీ కార్డులు పట్టుకొని ములుగు క్యాంప్ ఆఫీసుకొస్తం, మా చిన్నమ్మ కూడ వస్తది, ఆమె లెక్క ఆమే చెప్తది.

ఇట్లు,
పరకాల దిక్కు ఊరి బిడ్డ, హనుమకొండ